తుప్పు పట్టే చాకే కొనండి

మడత చాకు కొనడానికి వెళితే మూడు సలహాలు తప్పకుండా వినిపిస్తాయి. తుప్పు పట్టని స్టీలు తీసుకోమంటారు. ఒంటి చేత్తో టక్కున తెరుచుకునేది తీసుకోమంటారు. ఎలాగూ డబ్బు పెడుతున్నారు కాబట్టి కత్తెర, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసే కొక్కెం అన్నీ కలిసి ఉన్నది తీసుకోమంటారు. నేను ఈ మూడూ వద్దంటాను. ఇంకొన్ని సలహాలు కూడా ఉన్నాయి. అవి వింటే ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు. అయినా ఏళ్ల తరబడి జేబులో చాకుతో తిరుగుతున్న మనిషిగా, ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

ముందుగా ఏ చాకు గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. దాని పేరు ఒపినెల్. ఫ్రాన్సు తూర్పు భాగంలో, ఇటలీ సరిహద్దును ఆనుకుని సవోయ్ అనే కొండసీమ ఉంది. అక్కడి మొరియెన్ లోయలో జెవూదాజ్ ఒక చిన్న పల్లె. ఆ పల్లెలో ఒపినెల్ వాళ్లది పనిముట్లు చేసే కుటుంబం. తండ్రి డానియెల్ రైతులకు గొడ్డళ్లు, కొమ్మలు నరికే కత్తులు చేసేవాడు. 1890లో, పద్దెనిమిదేళ్ల వయసులో కొడుకు జోసెఫ్ జేబులో పట్టే ఒక మడత చాకు తయారు చేశాడు. చుట్టుపక్కల రైతులకు నచ్చింది. 1897 నాటికి ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లు వేసి పన్నెండు సైజుల్లో చేశాడు. లోయ గుండా ఇటలీకి పోయే రైలు మార్గం ఉండేది. ఆ రైల్వే కార్మికుల జేబుల్లో ఎక్కి చాకు ఊళ్లు దాటింది. ఈనాటికీ దాని రూపం దాదాపు అలాగే ఉంది.

నా సలహాలన్నిటికీ కారణం దాని కట్టుబడిలోనే ఉంది. దానిలో ఉన్నవి ఐదే ముక్కలు. బీచ్ చెక్కతో చేసిన పిడి, ఒక బ్లేడు, బ్లేడు తిరగడానికి ఒక మేకు, పిడి మెడకు బిగించిన పొన్ను, ఆ పొన్ను మీద తిరిగే ఇంకో రింగు. స్ప్రింగు లేదు, బేరింగులు లేవు, స్క్రూలు లేవు. మొదటి అరవై ఐదేళ్లు ఆ తిరిగే రింగు కూడా లేదు. 1955లో మార్సెల్ ఒపినెల్ దాన్ని కనిపెట్టాక, తెరిచిన బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోకుండా ఆపే తాళం దానికి వచ్చింది. 2000లో కొద్దిగా మార్చాక, మూసినప్పుడు కూడా తాళం పడుతోంది. వందేళ్లు దాటిన ఒక పనిముట్టు మీద జరిగిన పెద్ద మార్పులు ఇంతే. చెడిపోవడానికి ఏమీ లేని వస్తువును నమ్మవచ్చు. చెడినా మనమే బాగు చేసుకోగలిగితే ఇంకా ఎక్కువ నమ్మవచ్చు. కొనేవాళ్లు లోపాలని లెక్కపెట్టేవన్నీ నాకు ఈ రెండు గుణాల వల్ల వచ్చినవిగానే కనిపిస్తాయి.

అందుకే మొదటి సలహా: తుప్పు పట్టే ఉక్కు కొనండి.

ఒపినెల్ రెండు రకాల బ్లేడుతో వస్తుంది. ఒకటి కార్బన్ స్టీలు. రెండోది స్టెయిన్‌లెస్, స్వీడన్‌కు చెందిన శాండ్విక్ సంస్థ రూపొందించిన 12సి27 రకం. దానిలో పదమూడు శాతం పైగా క్రోమియం ఉంటుంది, అందుకే తుప్పు అంత తేలిగ్గా దరి చేరదు. అది మంచి స్టీలు, దాన్ని తప్పు పట్టను. సముద్రం మీద పడవలో ఉండేవాళ్లు అదే కొనాలి. మిగతావాళ్లు కార్బన్ స్టీలు తీసుకోండి. అందులో దాదాపు 0.9 శాతం కార్బన్ ఉంటుంది, క్రోమియం రక్షణ ఉండదు. తడి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. అది నిజం. అయితే అదే ఉక్కు మామూలు రాయి మీద నాలుగు రుద్దులకే పదును ఎక్కుతుంది. ఆ పదును కూడా సన్నగా, కొరుకుతున్నట్టు ఉంటుంది. పండిన టమాటా తొక్క మీద ఆనిస్తే చాలు, నొక్కకుండానే దిగుతుంది.

ఇక తుప్పు మాట. ఇక్కడ మన వంటింటి కత్తిపీటను గుర్తు చేసుకోవాలి. పాత ఇనప కత్తిపీట నల్లగా ఉంటుంది. అరటికాయ, అరటిపువ్వు, మామిడికాయ, నిమ్మకాయ కోసి కోసి వచ్చిన నలుపు అది. ఆ నలుపును చూసి తుప్పు పట్టిందని దాన్ని ఎవరూ పారెయ్యరు. కాయల్లోని పులుపు, వగరు ఇనుముతో కలిసి బ్లేడు మీద ఒక నల్లటి పొర కడుతుంది. ఎర్ర తుప్పు పొరలుగా ఊడి వస్తుంది, కింది ఇనుమును తింటూ పోతుంది. ఈ నల్ల పొర మాత్రం ఉక్కును అంటిపెట్టుకుని ఉండి, ఎర్ర తుప్పు రాకుండా చాలావరకు కాపాడుతుంది.

కాబట్టి కొత్త చాకు ఇంటికి తెచ్చిన రోజే దాని మెరుపు పోగొట్టండి. తళతళలాడే బ్లేడును అలాగే ఉంచాలని తాపత్రయపడకండి. పచ్చి మామిడికాయ దొరికే కాలమైతే ఒక కాయ నిదానంగా ముక్కలు చెయ్యండి. ముక్కకూ ముక్కకూ మధ్య తుడవకండి. పులుపు బ్లేడు మీద కాసేపు నిలవనివ్వండి. నీలం, ఊదా, బూడిద రంగులు అలలు అలలుగా వస్తాయి. అప్పుడు కడిగి, పొడిగుడ్డతో తుడిచి మడవండి. మొదట్లో ముక్కలకు కాస్త ఇనప వాసన, అంచున నల్లటి గీత అంటుతాయి. ఆ ముక్కలు పచ్చడికి వాడేయండి. కొన్ని వారాల వాడకం తరువాత ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. ఆ నలుపు కింద బ్లేడు మీద ముద్ర మాత్రం చెరగదు. కిరీటం కింద మూడు వేళ్లు చాచిన చెయ్యి, 1909 నుంచి వాళ్ల గుర్తు. ఆ చెయ్యి సెయింట్-జాన్-ద-మొరియెన్ పట్టణ చిహ్నం నుంచి తెచ్చుకున్నది, కిరీటం డ్యూకులు ఏలిన పాత సవోయ్ సంస్థానానిది.

రెండో సలహా: రెండు చేతులతో తెరవాల్సిన చాకే కొనండి.

బొటనవేలితో తోస్తే చాలు, టక్కున తెరుచుకునే చాకులు ఇప్పుడు ఎక్కువ. కొన్నిటికి మీట నొక్కడమే. కార్మికులకు, నిచ్చెన మీద నిలబడి పని చేసేవాళ్లకు అవి అవసరమే కావచ్చు. మనలాంటి వాళ్లు చాకు తీసేది పార్శిలు విప్పడానికి, బియ్యం బస్తా మూతి దారం కోయడానికి, జామకాయ ముక్కలు చేయడానికి. ఈ పనుల్లో ఏదీ క్షణంలో జరగాల్సినది కాదు. ఒపినెల్‌లో రింగు తిప్పాలి, బ్లేడు మీది గాడిలో గోరు పెట్టాలి, ఇంకో చేత్తో పిడి పట్టుకుని లాగాలి, మళ్లీ రింగు తిప్పి తాళం వెయ్యాలి. ఆ నాలుగు కదలికల్లో చేతులు ఎక్కడున్నాయో కళ్లు చూసుకుంటాయి. తొందరగా తెరిచేవాళ్లకే తొందరగా తెగుతుంది.

ఇంకో కారణం మన ఊళ్లకు సంబంధించినది. కత్తి అనే మాట మన పత్రికల్లో ఎక్కువగా నేర వార్తల్లోనే కనిపిస్తుంది. రైలు పెట్టెలో ఎదురు సీటు మనిషి టక్కుమని కత్తి తెరిస్తే పక్కవాళ్లు జరుగుతారు. చెక్క పిడి చాకును రెండు చేతులతో నింపాదిగా విప్పి, వార్తాపత్రిక పరిచి, దానిమ్మకాయ కోయడం మొదలుపెడితే జరగరు. ముక్క ఇస్తే తీసుకుంటారు. ఒపినెల్ మొదటినుంచీ భోజనపు చాకు. సవోయ్ రైతు రొట్టె, జున్ను, ఎండు మాంసం దానితోనే కోసుకునేవాడు. ఆత్మరక్షణకని చాకు కొనేవాళ్లు నా సలహాలు పక్కన పెట్టండి. ఆ ఆలోచనతో జేబులో కత్తి పెట్టుకోవడమే ప్రమాదం.

ఇక మూడోదైన పది పనుల చాకు గురించి ఎక్కువ చెప్పను. స్విస్ ఆర్మీ చాకు గొప్ప వస్తువే, దాని చరిత్రా గొప్పదే. స్క్రూలు తిప్పడం మీ రోజువారీ పని అయితే అది కొనండి. కోయడమే పని అయితే ఒక్క బ్లేడు, నిండుగా చేతిలో ఇమిడే గుండ్రటి పిడి ఉన్న చాకు ముందు అది నిలవదు. పది పరికరాల పిడి చదునుగా, గట్లు గట్లుగా ఉంటుంది. పది నిమిషాలు కూరగాయలు తరిగి చూడండి, అరచేతికే తెలిసిపోతుంది.

సైజు విషయంలో మాత్రం అందరూ చెప్పే మాటే నాదీ. ఎనిమిదో నంబరు. బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. మామిడిపండు టెంక పక్కనుంచి చెక్క తీయడానికి సరిపోతుంది, చొక్కా జేబులో పడుతుంది. పెద్దది కొంటే ఇంట్లో వదిలి వెళతారు.

ఇప్పుడు వానాకాలపు సంగతి. ఈ చాకు మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే, నేను ఇచ్చే సలహా అన్నిటికన్నా మొరటుగా వినిపించేదీ ఇక్కడే. బీచ్ చెక్క తేమ పీల్చుకుని ఉబ్బే జాతి. గోదావరి జిల్లాల్లో శ్రావణ మాసపు ముసురు పట్టినప్పుడు పిడిలోని చీలిక దగ్గరపడి బ్లేడును రెండు వైపులా పట్టేస్తుంది. గోరు విరిగేలా లాగినా రాదు. చాలామంది పటకారు తెస్తారు, లేదా ఎండలో పెడతారు. రెండూ వద్దు. పటకారుతో బ్లేడు మీద గీతలు పడతాయి, జారితే వేలు తెగుతుంది. గట్టి ఎండలో చెక్క నెరలు తీస్తుంది.

చాకును బల్లకేసి కొట్టండి. ముందు రింగు తిప్పి తాళం తీయాలి. చీలిక కిందికి ఉండేలా పిడిని మెడ దగ్గర, వేళ్లు చీలికకు అడ్డం రాకుండా పట్టుకోవాలి. పిడి చివరి కొనను గట్టి చెక్క మీద ఒక్క దెబ్బ వెయ్యాలి. పిడి ఆగుతుంది, లోపలి బ్లేడు మాత్రం కదిలిన ఊపులో మొన వైపు కొద్దిగా బయటికి జారుతుంది. ఇక గోటితో పని లేదు, బ్లేడు వెనక వైపు పట్టుకుని విప్పుకోవచ్చు. సవోయ్ వాళ్లు తరతరాలుగా చేసేది ఇదే, ఫ్రాన్సు అంతటా దీన్ని సవోయ్ దెబ్బ అనే పిలుస్తారు. చూసేవాళ్లకు వస్తువును పాడు చేస్తున్నట్టు ఉంటుంది. ఐదు ముక్కల చాకులో ఆ దెబ్బకు పాడయ్యేది ఏదీ లేదు.

ముసురు వెలిశాక పిడి తనంతట తానే ఆరి వదులవుతుంది. చీలికను గరుకు కాగితంతో గీకి వెడల్పు చేయమని కొందరు చెబుతారు. చేయవచ్చు గానీ, వానాకాలంలో సరిపోయేలా గీకితే వేసవిలో బ్లేడు వదులై ఆడుతుంది. దానికన్నా పొడిగా ఉన్న రోజు చూసి చీలికలోకి, మేకు దగ్గర నూనె పట్టించండి. అవిసె నూనె చెక్కలోకి ఇంకి గట్టిపడుతుంది, అది పిడికి మంచిది. పల్చగా రాసి, మిగిలింది తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి, తరువాత పారేయండి. బ్లేడుకు మాత్రం ఒక చుక్క కొబ్బరి నూనె చాలు. అది జిగురు కట్టదు, నోట్లోకి వెళ్లినా భయం లేదు. కుట్టు మిషన్ నూనె మేకు తిరగడానికి బాగుంటుంది, పండ్లు కోసే బ్లేడు మీదకు వద్దు.

సాన పట్టే అతనికి ఈ చాకు ఇవ్వకండి. ఈ మాట నాకు ఇష్టం లేకుండానే చెబుతున్నాను. సైకిలు మీద వీధుల్లో తిరుగుతూ కత్తులకు, కత్తెరలకు పదును పెట్టేవాళ్ల పని మీద నాకు గౌరవం ఉంది. దళసరి కత్తిపీటలకు, కొడవళ్లకు వాళ్ల చక్రం సరైనదే. ఒపినెల్ బ్లేడు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అంచు దగ్గర కాగితంలా ఉంటుంది. వేగంగా తిరిగే చక్రం మీద నిప్పురవ్వలు లేచినప్పుడు ఆ సన్నటి అంచు క్షణంలో వేడెక్కుతుంది. కార్బన్ స్టీలు గట్టిదనం దానికి ఇచ్చిన వేడి మీదే ఆధారపడింది. రెండు వందల డిగ్రీలు బాగా దాటితే ఆ గట్టిదనం దిగిపోతుంది. అంచున నీలం రంగు కనిపించిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిందని అర్థం. ఆ తరువాత ఎంత నూరినా పదును నిలవదు.

మీరే నూరుకోండి. రాయి లేకపోతే కొననవసరం లేదు. ఊరగాయ జాడీనో, పింగాణీ కప్పునో బోర్లించి చూడండి. అడుగున బల్లకు ఆనే చోట మెరుపు పూత లేని గరుకు అంచు ఉంటుంది. సన్నటి సానరాయికి అది ఏమీ తీసిపోదు. కప్పును తడిగుడ్డ మీద బోర్లించి కదలకుండా చెయ్యండి. బ్లేడు వెన్నును కొంచెం పైకి లేపి, ఇరవై డిగ్రీలకు మించకుండా, పిడి దగ్గర నుంచి మొన దాకా పల్చటి పొర కోస్తున్నట్టు లాగండి. ఒక వైపు ఎన్ని లాగితే రెండో వైపూ అన్నే. బలం పెట్టకండి. చివరికి పాత తోలు బెల్టు మీద, పదును వెనక ఉండేలా నాలుగైదు సార్లు దువ్వండి.

దీనిలోనూ మామూలు ఆచారానికి ఎదురుగా వెళ్లమంటాను. చాకు మొద్దుబారే దాకా ఆగకండి. బాగా తెగుతున్నప్పుడే నూరండి. కాస్త తగ్గిన పదును రెండు నిమిషాల్లో తిరిగి వస్తుంది. పూర్తిగా పోయిన పదునుకు గరుకు రాయి కావాలి, ఉక్కు అరగాలి, సాయంత్రం గడవాలి. మొద్దు కత్తే చేతిని కోస్తుంది, ఎందుకంటే దానిని నొక్కాల్సి వస్తుంది, నొక్కితే జారుతుంది.

పిడిని మీ చేతికి తగ్గట్టు మార్చుకోండి. కొత్త పిడి మీద పల్చగా వార్నిషు ఉంటుంది. నచ్చకపోతే గరుకు కాగితంతో తీసెయ్యండి. చిటికెన వేలికి ఒత్తుకుంటే ఆ కోణం అరగదీయండి. చివర చిల్లు పెట్టి తాడు కట్టుకోండి. పేరు చెక్కుకోండి. న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం ఒపినెల్‌ను ప్రదర్శనలో పెట్టింది. అద్దాల వెనక పెట్టి చూపే పని మ్యూజియాలది, మీ ఇంట్లో చాకు అలా ఉండనవసరం లేదు. బ్లేడు మొనతో మాత్రం డబ్బా మూతలు ఎత్తకండి, స్క్రూలు తిప్పకండి, కొబ్బరికాయ జోలికి పోకండి. ఆ సన్నదనమే అది బాగా కోయడానికి కారణం, వంచితే విరగడానికీ అదే కారణం. రింగు తాళం ఉన్నా, లేదనుకునే చాకు పట్టుకోండి. బ్లేడు వెన్ను మీద బరువు పడే పని ఏదీ పెట్టకూడదు.

ఇక పెద్దవాళ్లు కోప్పడే సలహా. పిల్లలకు చాకు ఇవ్వండి.

ఎనిమిది, పదేళ్ల పిల్లలకు మనం స్మార్ట్‌ఫోను ఇస్తాం, యాపిల్ పండు మాత్రం కోసి గిన్నెలో పెట్టి ఇస్తాం. పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఆ వయసు పిల్లలు కొడవలి పట్టి గడ్డి కోశారు, తాటిముంజలు తీసుకున్నారు. పదునైన వస్తువు పక్కన ఎలా మసలాలో చేతికి చిన్నప్పుడే తెలియాలి. పెద్దయ్యాక తెలుసుకునేది ఎక్కువగా భయమే. ఒపినెల్ వాళ్లు పిల్లల కోసం మొన గుండ్రంగా ఉన్న ఏడో నంబరు చాకు చేస్తారు, దానికి కూడా తాళం రింగు ఉంటుంది. దానితో మొదలుపెట్టండి. పక్కన కూర్చోండి. ఫోను చూస్తూ కాదు, వాళ్ల చేతులు చూస్తూ. కూర్చుంటేనే చాకు తెరవాలి. కోత శరీరానికి దూరంగా సాగాలి. చెయ్యి చాపినంత దూరంలో ఇంకెవరూ ఉండకూడదు. లేవాలంటే ముందు మడిచి తాళం వెయ్యాలి. మొదటి పాఠానికి పచ్చి వేపపుల్ల బాగుంటుంది. మెత్తగా ఉంటుంది, తొక్క చక్కగా లేస్తుంది. చిన్న గాటు పడుతుంది ఎప్పుడో ఒకప్పుడు. పసుపు, గుడ్డ పీలిక దగ్గర పెట్టుకోండి, అరవకండి.

ఇచ్చేటప్పుడు ఒక ఆచారం మాత్రం మన పెద్దవాళ్ల మాటే వినండి. ఉప్పు, మిరపకాయల్లాగే కత్తిని కూడా చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, కింద పెట్టాలి, అవతలి మనిషి తీసుకోవాలి అంటారు. గొడవలొస్తాయన్న నమ్మకం సంగతి ఎలా ఉన్నా, తెరిచిన కత్తి విషయంలో అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఫ్రాన్సులోనూ కత్తి కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందని భయం ఉంది. అందుకని పుచ్చుకున్నవాళ్లు ఒక నాణెం తిరిగి ఇస్తారు, అప్పుడది కొన్నట్టే లెక్క. మా పిల్లల దగ్గర నేను రూపాయి బిళ్ల తీసుకున్నాను.

చాకు జేబులో ఉండటం అలవాటైతే విమానాశ్రయం మరిచిపోతారు. బయల్దేరే ముందు రాత్రే దాన్ని లగేజీలో వేసే పెట్టెలోకి మార్చండి. చేతి సంచిలో దొరికితే తనిఖీ దగ్గర వదిలేయాల్సిందే. మెట్రో స్టేషన్ల దగ్గర, కోర్టుల దగ్గర కూడా ఇంట్లో పెట్టి వెళ్లడమే మేలు.

కొనేటప్పుడు ఒక్కటి చూసి తీసుకోకండి. చెక్క కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. మూడు నాలుగు అడిగి తెరిచి మూయండి. మూసినప్పుడు మొన పూర్తిగా చీలికలోకి దిగాలి, బ్లేడు ఏ వైపు గోడకూ రాసుకోకూడదు. రింగు చేతికి కాస్త బిగువుగా తగలాలి, వదులుగా గిరగిరా తిరిగేది పక్కన పెట్టండి. తెరవడానికి కొంచెం గట్టిగా ఉన్నదాన్నే ఎంచుకోండి, వాడకంతో అది మెత్తబడుతుంది.